లెక్కల్లో లేని భాష

భాషా శాఖ,
మండలి భవనం, రెండో అంతస్తు

వదినకి నమస్కారాలు.

నేను ఉత్తరాలు రాయడం మానేశానని నువ్వు సణుగుతున్నట్టు అన్నయ్య చెప్పాడు. మొన్న మండలి సమావేశం అయ్యాక వరండాలో నిలబడి చెప్పాడు. సభ్యుడయ్యాక అన్నయ్యకి మైకు ఉన్నా లేకపోయినా ఒకటే గొంతు. మన ఇంటి సంగతి పక్క శాఖల వాళ్ళందరికీ తెలిసిపోయింది. నువ్వు సణిగితే సణిగావు గానీ, ఇకమీదట ఆయనతో కబురు పంపకు తల్లీ.

రాయకపోవడానికి కారణం పని. మన ప్రాంతానికి సొంత మండలి వచ్చి ఏడాది కావస్తోంది, నాకింకా నమ్మకం కుదరడం లేదు. పొద్దున్నే గేటు దగ్గర కాపలా మనిషి మన భాషలో విసుక్కుంటాడు. మన భాషలో తిట్లు తినడానికేనా ఇంత పోరాడాం అని నవ్వొస్తుంది. నాన్న గుర్తొస్తాడు. రిజిస్ట్రారు ఆఫీసులో రాజధాని భాష రాక చేతులు కట్టుకుని నిలబడితే, కుర్చీలో ఉన్నవాడు నాన్న మొహం కూడా చూడకుండా బంట్రోతు వైపు తిరిగి "ఏమంటున్నాడు?" అని అడిగేవాడు. ఇప్పుడు అలాంటి కుర్చీలో నేనున్నాను వదినా. నా బల్ల ముందు ఎవరూ అలా నిలబడాల్సిన పని లేదు.

సరే, అసలు సంగతి. దీంతో పాటు ఒక నోటీసు పంపుతున్నాను. మన ప్రెస్సులో అచ్చు వేయించి ఊళ్ళో అంటించాలి. చిన్న బడులని దగ్గర్లో ఉన్న పెద్ద బడుల్లో కలిపే ఉత్తర్వు అది. అందులో చివర రేవు వీధి బడి కూడా ఉంది. ప్రూఫు ఎలాగూ నువ్వే చూస్తావు కాబట్టి ముందే చెబుతున్నాను. పెద్ద విషయమేం కాదు. పిల్లలు మెయిన్ రోడ్డు బడికి వెళ్తారు, అంతే.

నీ మరిది


ప్రెస్సు,
మన ఇంటి ముందు గది

మరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. నువ్వు "పెద్ద విషయమేం కాదు" అన్నావంటే అది కచ్చితంగా పెద్ద విషయమే. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టి వచ్చినప్పుడు కూడా అదే మాట అన్నావు.

నోటీసు నేనే కంపోజు చేశాను. పనివాడికి ఇవ్వబుద్ధి కాలేదు. రేవు వీధి దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు చేతిలోనే ఉండిపోయాయి. ఆ బడి ఏమిటో నీకు నేను చెప్పాలా? పడవల షెడ్డు పక్కన ఒక్క గది. చిన్న తరగతులు వాళ్ళ భాషలో చెప్పించుకోవడానికి ఆ వీధి వాళ్ళు తమ చేతులతో కట్టుకున్న గది. రాజధాని వాళ్ళ పెత్తనంలో కూడా అది మూతపడలేదు. మన పెత్తనం వచ్చాక మూతపడుతోంది.

నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు మీ అమ్మ గారికి భయపడి సాయంత్రాలు రేవు మెట్ల మీద కూర్చునేదాన్ని. అక్కడ నన్ను మొదట పలకరించింది పడవల పెద్దమ్మ. ఆవిడ భాష నాకు రాదు, మన భాష ఆవిడకి అంతంతమాత్రం. అయినా కబుర్లకి ఏనాడూ లోటు రాలేదు. అందుకే జనాభా లెక్కలప్పుడు నువ్వు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళావు. మూడింట రెండు వంతుల మంది మన భాష అని చెబితేనే సొంత మండలి ఇస్తామన్నారు. తక్కువ పడుతుందేమోనని మనకి ఒకటే దిగులు. రేవు వాళ్ళు కూడా మన భాషే అని చెబితే గట్టెక్కుతామని నీ ఆలోచన.

పెద్దమ్మ అడిగిన మాట నీకు గుర్తుండే ఉంటుంది. "మా ఇంట్లో మాట్లాడేది వేరే కదయ్యా. మీది రాయిస్తే మాది ఏమైపోవాలి?" అంది. నువ్వు "ఈ ఒక్కసారికి మా భాషే అని చెప్పండి పెద్దమ్మా. మండలి రానివ్వండి, మీ బడికి ఇంకో గది వేయించే పూచీ నాది" అన్నావు. ఆవిడ నీ మాటకి తల ఊపలేదు. నా వైపు తిరిగి "నువ్వేమంటావు అమ్మాయ్?" అని అడిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని "నన్ను నమ్ము" అన్నాను. వీధి వీధంతా అలాగే చెప్పింది. నిన్ను చూసి కాదు ఆఫీసరు బాబూ, నన్ను చూసి.

ఆ బడి సంగతి సరిచెయ్యి. ఈ లోపు ప్రెస్సులో మిషను పాడైంది, నోటీసు ఆలస్యమవుతుందని మీ పైవాళ్ళకి చెప్పు.

వదిన


భాషా శాఖ కార్యాలయం

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. చిన్న భాషల బడుల విషయంలో మండలి నియమం స్పష్టంగా ఉంది. గత జనాభా లెక్కల ప్రకారం ఒక వీధిలో ఆ భాష మాట్లాడేవాళ్ళు తగినంత మంది ఉంటేనే ఆ భాషలో బడి నడపాలి. లెక్కల్లో రేవు వీధిలో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. లేని భాషకి బడి ఎలా నడుపుతాం?

ఇంకో విషయం కూడా గమనించాలి. లెక్కలు తప్పులతడక అని రాజధాని వాళ్ళు ఇప్పటికే కోర్టుకెక్కారు. ఈ సమయంలో ఫలానా వీధి వాళ్ళు చెప్పింది నిజం కాదని మన నోటితో మనమే అంటే మండలి మొత్తం కూలిపోతుంది. ఒక్క గది కోసం ఇన్ని లక్షల మంది భాషని మళ్ళీ రాజధాని కాళ్ళ దగ్గర పెడదామా?

సాయంత్రాలు వాళ్ళ భాషలో పాటలో కథలో చెప్పుకునే తరగతి ఏదైనా పెట్టించగలనేమో చూస్తాను. అన్నయ్యతో ఈ విషయం ఎత్తవద్దు. మిషను త్వరగా బాగు చేయించగలరు.

ఇట్లు,
మీ మరిది


ప్రెస్సు గది

ఆఫీసరు బాబు గారికి,

"గారు" అన్నావు, "మీరు" అన్నావు, "చేయించగలరు" అన్నావు. నీకు ముక్కు తుడిచి బడికి పంపినదాన్ని నేనని గుర్తుండే రాశావా?

పంతులమ్మ నిన్న ప్రెస్సుకి వచ్చింది. పెద్దమ్మ కోడలు, ఆ గదిలో పాఠాలు చెప్పే అమ్మాయి. తను నీ ఆఫీసుకి వచ్చి వెళ్ళిందట కదా. మొన్న నాకు రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదే! తను మన భాషలోనే మొదలుపెట్టిందట. చుట్టూ అంతమంది ఉండేసరికి కంగారుపడి మాట తడబడి, తన భాషలోకి వెళ్ళిపోయిందట. అప్పుడు నువ్వు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి "ఏమంటోంది?" అని అడిగావట.

ఈ మాట వినగానే నాకు తల తీసేసినట్టయింది. నీకు ఆ భాష రాదా? నువ్వు ఈత నేర్చుకుంది ఆ రేవులో, ఆ పిల్లలతో. అక్కడ నేర్చిన తిట్లు ఇంట్లో ప్రయోగిస్తే అత్తయ్య నీ వీపు విమానం మోత మోగించలేదా? నాన్న నాన్న అంటూ అంత గొప్పగా రాశావు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే మాట వస్తుంది కాబోలు.

పంతులమ్మ మాత్రం నిన్ను ఒక్క మాట అనలేదు. "చిన్నప్పటి భాష కదక్కా, ఆయన మర్చిపోయి ఉంటారు" అంది. తను అలా వెనకేసుకొస్తుంటే నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

ఎందుకంటే నా సంగతీ అంత గొప్పగా ఏం లేదు. మిషను పాడైందని రాశాను చూశావూ, అది ఒట్టి మాట. మిషను బ్రహ్మాండంగా ఉంది. నీకు ఆ ఉత్తరం రాయడానికి ముందే నోటీసులు అచ్చయిపోయాయి. మండలి పని ఆపితే మీ అన్నయ్యకి మాట వస్తుందని వేసేశాను. పనివాడు వెళ్ళి అంటించి కూడా వచ్చాడు. పంతులమ్మ తన బడి మూతపడుతోందని తెలుసుకుంది నా ప్రెస్సులో అచ్చయిన కాగితం చూసి. అది అంటించాక కూర్చుని నీకు నీతులు రాశాను. నేను ఎలాంటిదాన్నో నాకే కొత్తగా తెలుస్తోంది.

ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. ఆ ఒక్క వీధిలో మళ్ళీ లెక్క రాయించు. జరగదు, కుదరదు అనకు. మండలినే తెచ్చినవాళ్ళం, ఒక వీధికి లెక్క రాయించలేమా?

వదిన


నా గది,
ఆఫీసు వెనక సందు

వదినా,

ఈ ఉత్తరం ఆఫీసు కాగితం మీద రాయడానికి మొహం చెల్లలేదు.

పంతులమ్మ మాట్లాడిన ప్రతి మాటా నాకు అర్థమైంది. "మీరు మా రేవులో పెరిగారు, మీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాం" అంది. జవాబు నా నోటి చివరిదాకా వచ్చింది, ఆమె భాషలోనే. కానీ చుట్టూ నా శాఖ మనుషులున్నారు. నేను ఆ భాషలో ఒక్క మాట అంటే, లెక్కల్లో లేని భాష నా గదిలో ఉన్నట్టవుతుంది. అది ఉందని నాకు తెలిసినట్టవుతుంది. భయమేసింది. గుమాస్తా వైపు తిరిగాను. తిరిగిన క్షణంలోనే నాన్న కనిపించాడు వదినా, బల్లకి అవతల. ఆ రోజు నుంచి నా కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

దాచింది ఇంకా ఉంది. "గత లెక్కల ప్రకారం" అన్న నియమం రాసింది నేనే. మొదట "స్థానికంగా విచారించి" అని రాశాను. విచారిస్తే రేవు వీధి బయటపడుతుందని కొట్టేశాను. మండలి కూలిపోతుందని నీకు రాశాను కదా, అదీ అబద్ధమే. నేను లెక్క వేసి చూశాను. రేవు వీధి వాళ్ళని పూర్తిగా తీసేసినా మూడింట రెండు వంతులు నిలుస్తుంది. అంచు మీదే కానీ నిలుస్తుంది. కూలేది మండలి కాదు, నేను.

నీ ఉత్తరం చదివాక పైవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పునర్విచారణ కావాలని బడి తరఫున అర్జీ వచ్చిందని చెప్పి ఒప్పించాను. వచ్చే వారం మా శాఖ నుంచి ఒక అధికారి వస్తాడు. కోర్టు కేసు ఉంది కాబట్టి రాజధాని నుంచి ఒక పరిశీలకుడు కూడా వెంట ఉంటాడు. ఇంటింటికీ వెళ్ళి ఏ భాష మాట్లాడతారో మళ్ళీ అడుగుతారు. ఒక్క చిక్కుంది. ఇదివరకు చెప్పింది మార్చి చెప్పేవాళ్ళు, అప్పుడలా ఎందుకు చెప్పారో, ఎవరు చెప్పమన్నారో కూడా చెప్పాలి. మన పేర్లు వస్తాయి. నా ఉద్యోగం పోతుంది, అన్నయ్య సభ్యత్వం పోతుంది, మనిద్దరికీ జైలు కూడా తప్పకపోవచ్చు. రానీ. వాళ్ళు నిజం చెబితే బడి నిలుస్తుంది. అది చాలు.

నువ్వు ఇంకోసారి ఇంటింటికీ వెళ్ళు. మన పేర్లు భయపడకుండా చెప్పమను. అన్నయ్యకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు, అది కూడా నీ మీదే వదిలేస్తున్నాను. ఏది కష్టమైనా నీ మీద వదిలేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా.

నీ మరిది


ప్రెస్సు గది

మరిదికి,

ముందు మీ అన్నయ్య సంగతి. చెప్పాను. ఇంట్లో మొదటిసారి ఆయన గొంతు చిన్నదైంది. "మరి నేనేం చేయాలి?" అని అడిగాడు. "ఏమీ చేయకండి, ఆపకండి, అంతే" అన్నాను. ఆపలేదు. ఆ మాటకి ఆయన్ని మెచ్చుకోవాలి.

అధికారులు వచ్చే ముందు రోజు రేవు వీధంతా తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే చెప్పాను. ఈసారి మీ భాషే చెప్పండి, ఎవరు చెప్పమన్నారని అడిగితే నా పేరు చెప్పండి, మా మరిది పేరు చెప్పండి అన్నాను. పెద్దమ్మ తాడు పేనుతూ అంతా విని "పేరు చెప్తే నిన్నేం చేస్తారు?" అని అడిగింది. దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. "సరేలే, వెళ్ళి పడుకో" అంది. ఒప్పుకుందనే అనుకున్నాను.

మర్నాడు ఇళ్ళు చూపించడానికి నేనే వెంట వెళ్ళాను. మీ అధికారి చిన్నవాడు, చెమటలు తుడుచుకుంటూ రాస్తున్నాడు. రాజధాని పరిశీలకుడు వెనకాల చేతులు కట్టుకుని ఉన్నాడు. మొదటి ఇంట్లో పడవ నడిపే అతను గుమ్మంలోకి వచ్చాడు. ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగితే "మీ భాషేనండి" అన్నాడు. లోపల అతని భార్య పిల్లాణ్ణి వాళ్ళ భాషలో కేకలేస్తోంది. అది వినపడకుండా ఇతను గొంతు పెంచి ఇంకోసారి చెప్పాడు. నేను ఏదో పొరపాటనుకున్నాను. రెండో ఇంట్లోనూ అదే. ఆ పక్క ఇంట్లోనూ అదే.

పెద్దమ్మ లేచి నిలబడి మరీ చెప్పింది. "పుట్టిన కాణ్ణించీ ఇదే బాబూ మాట్లాడేది" అంది. ఆ ముక్కలు కూడా ఆవిడ నోట్లో ఎలా విరిగిపోయి వస్తాయో నీకు తెలుసు. పరిశీలకుడు అప్పుడు తలెత్తాడు. "ఇలా చెప్పమని మీతో ఎవరైనా అన్నారా?" అని అడిగాడు. ఆవిడ నవ్వింది. "ఈ వయసులో నాకు చెప్పేవాళ్ళెవరు బాబూ?" అంది. నా వైపు చూడనైనా చూడలేదు.

చివరికి బడి దగ్గరికి వెళ్ళాం. పంతులమ్మ పిల్లల్ని ముందే ఇళ్ళకి పంపేసింది. వాళ్ళ నోళ్ళు ఎవరు మూయగలరు మరి! తనూ అదే మాట చెప్పింది. ఏ బడి కోసం నీ ఆఫీసు మెట్లెక్కిందో ఆ బడి గుమ్మంలో నిలబడి, మా వీధిలో ఆ భాష ఎవరూ మాట్లాడరండీ అని చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఎందుకిలా చేశావని ఏడ్చాను. "బడి పోతే ఇంట్లో నేర్పుకుంటాం. నిన్ను పట్టుకుపోతే ఎక్కడి నుంచి తెచ్చుకుంటాం?" అంది. ఏదో చిన్న పని చేసి పెట్టినట్టు మళ్ళీ తాడు అందుకుంది.

నీకు ఒక్కడికే ఇది చెబుతున్నాను. ఒక్కో ఇంట్లో "మీ భాషే" అన్నప్పుడల్లా నా గుండె మీద బరువు కొంచెం కొంచెం దిగింది. ప్రెస్సు నిలుస్తుంది, ఇల్లు నిలుస్తుంది, ఆయన పరువు నిలుస్తుంది అనిపించింది. వద్దనుకుంటూనే ఊపిరి పీల్చుకున్నాను. నేను అక్కడే ఉన్నాను కదా, "వీళ్ళు చెప్పేది అబద్ధం, చెప్పించింది నేను" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. వీధి చివరిదాకా నడిచాను, అనలేదు. వాళ్ళు నన్ను కాపాడినందుకు కాదు, నేను కాపాడించుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఆ రిపోర్టు నీ బల్ల మీదికి వస్తుంది. నువ్వు సంతకం పెడితేనే అది ఖాయమవుతుంది. పెట్టకు. నేను నోరు తెరవలేకపోయాను, నువ్వైనా తెరువు.

వదిన


రెండో అంతస్తు

వదినా,

సంతకం పెట్టాను.

పెట్టకూడదనే కూర్చున్నాను. నీ ఉత్తరం పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. వీధంతా ఒకే మాట చెప్పాక నేనొక్కణ్ణి కాదంటే కారణం చెప్పాలి. కారణం నేనే. అంతకుముందు "రానీ, పోనీ" అని నీకు ఎంత ధీమాగా రాశాను! వాళ్ళు నా పేరు చెబుతారనుకుని రాసిన ధీమా అది. నా పేరు నేను చెప్పుకోవాల్సి వచ్చేసరికి చెయ్యి దానంతటదే సంతకం పెట్టేసింది. ఇంకేమని రాయను?

పంతులమ్మకి మెయిన్ రోడ్డు బడిలో ఉద్యోగం వేయించాను. చేయగలిగింది అదొక్కటే, దాన్ని కూడా గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ ఉత్తర్వు తీసుకోవడానికి తను ఇవాళ వచ్చింది. మన భాషలోనే మాట్లాడింది. ఎక్కడా తడబడలేదు. ఇంటి దగ్గర పదిసార్లు అనుకుని వచ్చి ఉంటుంది.

ఈసారి గదిలో ఎవరున్నారో నేను చూడలేదు వదినా. గుమాస్తాలు ఉన్నారు, బంట్రోతు ఉన్నాడు, అందరూ వింటుండగానే లేచి నిలబడ్డాను. ఆమె భాషలో, రేవులో నేర్చుకున్న ఆ భాషలో, "తప్పు నాది, మీ అందరికీ ద్రోహం చేశాను, నన్ను మన్నించు" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక్క మాట కోసం వెతుక్కోలేదు.

ఆమె ఉత్తర్వు మడిచి సంచిలో పెట్టుకుంది. కోపమేమీ లేదు మొహంలో. మన భాషలో, చాలా మర్యాదగా అంది.

"ఆ భాష మా వీధిలో ఎవరికీ రాదు సార్. మీరే కదా సంతకం పెట్టారు."

నీ మరిది